తుపాకీ ఉందని ఎవరికి చెప్పాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో రాత్రి పదింటికి నగల షాపు షట్టర్ దించి, తాళాలు జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరే యజమాని ఒకరు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా వెంచర్లు వేసి, రోజూ ఏదో ఒక స్థలం గొడవ మధ్య తిరిగే రియల్టర్ ఇంకొకరు. ఇలాంటివాళ్లలో కొందరు ప్రాణభయం ఉందని పోలీస్ కమిషనర్‌కి దరఖాస్తు పెట్టుకుంటారు. విచారణ పూర్తయి లైసెన్సు చేతికొచ్చాక ఒక పాయింట్ 32 రివాల్వర్ కొంటారు. కొనేముందు ఎంతో ఆలోచించిన మనిషి కూడా, కొన్నాక ఎదురయ్యే మొదటి ప్రశ్నకి సిద్ధంగా ఉండడు. ఇది నా దగ్గరుందని ఎవరికి చెప్పాలి?

చాలామంది ఈ నిర్ణయాన్ని తాము తీసుకోరు, నోటికి వదిలేస్తారు. బావమరిదికి ఒకరోజు చెప్తారు. పార్ట్‌నర్‌కి మరోరోజు చెప్తారు. టీ తాగుతూ మాటల్లో మాటగా నలుగురి ముందు అనేస్తారు. నెల తిరిగేసరికి కాలనీలో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో వాళ్లకే తెలియదు.

మీ దగ్గర లైసెన్సున్న ఆయుధం ఉంటే, లేదా తీసుకోవాలని ఆలోచిస్తుంటే, ఒక్క ప్రశ్న గట్టిగా పట్టుకోండి. ఈ సంగతి తెలియడం వల్ల ఎదుటి మనిషి భద్రత పెరుగుతుందా? పెరిగేటట్టయితే అడక్కముందే చెప్పండి. పెరిగేది మీ పరపతి మాత్రమే అయితే అస్సలు చెప్పకండి.

ముందు చట్టం మాట

మన దేశంలో ఈ విషయం సగం వరకు చట్టమే తేల్చేసింది. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, చేతి తుపాకీని బయటికి తీసుకెళ్లేటప్పుడు ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లో గానీ, అలాంటి సంచిలో గానీ పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. పదిమంది తిరిగే చోట దాన్ని తీసి ఊపకూడదు. అంటే కనిపించకుండా ఉంచుకోవడం మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, మీ బాధ్యత.

2019 సవరణ దీన్ని ఇంకా బిగించింది. ఒకరి దగ్గర మూడు తుపాకులుండే వీలుని రెండుకి తగ్గించింది. లైసెన్సు గడువుని మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకి ముప్పు కలిగేలా సంబరంగా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఇక ఎదుటివాణ్ని భయపెట్టడానికి చొక్కా కాస్త పైకెత్తి నడుము చూపించడం ఉందే, అది భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరపూరిత బెదిరింపు కేసు దాకా పోతుంది. ఒక్క తూటా పేలక్కర్లేదు.

చెప్పాలని ఎందుకనిపిస్తుంది?

మీ మనసుని మీరే అడగండి. సాధారణంగా మూడు కారణాలుంటాయి.

మొదటిది భయం. మన చుట్టుపక్కల అది ఉత్తిదేం కాదు. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లని కాల్చి చంపారు. 2025 జులై 15 ఉదయం మలక్‌పేట శాలివాహననగర్‌లో ఒక సీపీఐ నాయకుణ్ని కాల్చి చంపారు. ఇలాంటి వార్త వచ్చిన వారంలో, నా దగ్గర కూడా ఉందని నలుగురికీ తెలిస్తే నా జోలికి రారు కదా అనిపించడం సహజం. కానీ ఆలోచించండి. మిమ్మల్ని చంపాలని పథకం వేసుకున్నవాడు మీ నడుముకి ఏముందో తెలుసుకుని ఆగిపోడు, పథకం మార్చుకుంటాడు. ఇంకా దగ్గరికి, ఇంకా వెనక నుంచి, ఇంకొకణ్ని తోడు తెచ్చుకుని వస్తాడు. వాడికి మీరిచ్చింది హెచ్చరిక కాదు, సమాచారం. పైగా నడుముకున్న రివాల్వర్ అన్ని ప్రమాదాలకీ మందు కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలినప్పుడు, అక్కడున్నవాళ్లని ఏ తుపాకీ కాపాడగలిగేది?

రెండోది గౌరవం కోసం ఆశ. మన రాజకీయాల్లో, రియల్ ఎస్టేట్‌లో గన్‌మెన్‌ని వెంటేసుకుని తిరగడాన్ని హోదాగా చూసే అలవాటుంది. ఆ గాలి మనకీ సోకుతుంది. సెటిల్‌మెంట్‌కి కూర్చున్నప్పుడు అన్న దగ్గర గన్ ఉందట అని ఎవరో గుసగుసలాడితే ఛాతీ కొంచెం పొంగుతుంది. కానీ ఆ గదిలో మీకు దొరికింది గౌరవం కాదు, భయం. ఆ రోజు తలూపినవాడు మర్నాడు లాయర్ దగ్గరికి పోతాడు, లేదా మీకంటే పెద్దవాణ్ని వెతుక్కుంటాడు. మాట మీద నిలబడే మనిషికి వచ్చే పేరు వేరు. ఆ పేరున్న మనిషికి నడుము చూపించే అవసరం రాదు.

మూడోది బాధ్యత. నా పక్కనుండే మనిషికి తెలిసి ఉండాలి అన్న ఆలోచన. ఈ ఒక్కటే నిలబడే కారణం.

మాట బయటికి పోయాక

మీరు ఒకరికి చెప్పారు. ఆయన వాళ్లావిడకి చెప్పాడు. అక్కణ్నుంచి వాచ్‌మన్‌కి, డ్రైవర్‌కి, ఇస్త్రీ చేసే అబ్బాయికి పోయింది. ఇప్పుడు మీ ఇంట్లో బంగారంతో పాటు దొంగకి పనికొచ్చే ఇంకో వస్తువుందని బయటివాళ్లకి తెలుసు. అది పోతే మీరు పోలీసులకి వెంటనే చెప్పాలి. దాచిన తీరుకి జవాబు కూడా చెప్పుకోవాలి.

ఆ తర్వాత మొదలయ్యేది, ఒక్కసారి చూపించవా అనే పోరు. బంధువుల పిల్లలు, పాత స్నేహితులు, పెళ్లిలో నాలుగు గ్లాసులు పడ్డ తమ్ముళ్లు అడుగుతారు. తుపాకీ ప్రమాదాలు శత్రువుల మధ్యే జరగవు, ఆప్తుల మధ్య, సంతోషంగా ఉన్న ఇంట్లోనూ జరుగుతాయి. 2024 నవంబర్‌లో అట్లాంటాలో, మన హైదరాబాద్ తూర్పు వైపు నుంచి చదువుకి వెళ్లిన ఒక కుర్రవాడు పుట్టినరోజు నాడు, స్నేహితులు ఇంట్లో ఉండగానే, కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. నలుగురు కూడిన ఇంట్లో తుపాకీ సంచి లోంచి బయటికి రాకూడదు. రాకుండా చూడాలంటే, ఆ మాటే అక్కడ రాకపోవడం మంచిది.

గొడవల సంగతి మరీ ప్రమాదం. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదాలో ఒక పార్టీ జిల్లా నాయకుడు తన లైసెన్సు తుపాకీతో కాల్పులు జరిపాడు. గాయపడ్డ ఒకాయన తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశాడు. 2022లో ఆ నాయకుడికి కోర్టు జీవిత ఖైదు వేసింది. పిల్లల ఆట ఎక్కడ, యావజ్జీవం ఎక్కడ! మీ దగ్గర ఆయుధం ఉందని వీధికంతా తెలిస్తే, పార్కింగ్ దగ్గర చిన్న మాట పట్టింపు వచ్చినా అందరి కళ్లూ మీ చేతి మీదే ఉంటాయి. ఎదుటివాడు ముందే కర్ర అందుకుంటాడు. దమ్ముంటే తియ్యి అంటాడు. ఎవరికీ తెలియకపోతే ఆ మాట అనేవాడే ఉండడు. మీరు నవ్వేసి, సారీ చెప్పి, వెళ్లిపోవచ్చు. తుపాకీ ఉన్న మనిషికి తగ్గడం తెలియాలి, తగ్గే దారి తెరిచి ఉండాలి.

తప్పక చెప్పాల్సినవాళ్లు

*ఇంట్లో పెద్దవాళ్లు.* భార్య గానీ భర్త గానీ, అమ్మానాన్నలు గానీ, మీతో ఒకే కప్పు కింద ఉండే పెద్దలందరికీ తెలియాలి. కొన్నాక చెప్పడం కాదు, దరఖాస్తు పెట్టకముందే అడగాలి. ఎక్కడ ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుంటుంది, తూటాలు విడిగా ఎక్కడ పెడతారు అన్నవి కూర్చుని మాట్లాడుకోండి. ఇంట్లో ఒక్కరు వద్దన్నా ఆ మాటకి విలువివ్వండి.

*పిల్లలు.* దాచేశాం, వాళ్లకి తెలియదు అని నిశ్చింతగా ఉండకండి. బీరువాలో ఏముందో పిల్లలకి తెలిసినంతగా పెద్దలకి తెలియదు. వయసుకి తగ్గట్టు చెప్పండి. "ఇది ముట్టుకోకూడదు. బయట కనిపిస్తే అక్కణ్నుంచి వెళ్లిపోయి నన్ను పిలువు. స్కూల్లో ఎవరితోనూ అనొద్దు" అంటే చాలు. తాళం మాత్రం ఈ మాటల మీద నమ్మకంతో వదలొద్దు.

*ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేకపోతే డాక్టర్‌కి.* దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మార్కుల ఒత్తిడిలో నలిగే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. అప్పుల్లో మునిగిన పెద్దలూ ఉన్నారు. అలాంటి సమయంలో ఇంట్లో తుపాకీ ఉందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి. అంతకంటే ముందు దాన్ని ఇంట్లోంచి పంపేయండి. పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయొచ్చు. మాట్లాడటానికి మనిషి కావాలంటే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఆ కష్టం మీదే అయినా ఇంతే. సిగ్గుపడకుండా చెప్పండి.

*మీ వెంట నడిచే మనిషి.* రాత్రి షాపు కట్టేశాక మీతోపాటు కారు దాకా వచ్చే గుమాస్తాకి, డ్రైవర్‌కి తెలియాలి. దాడి జరిగితే మధ్యలో ఉండేది వాళ్లే. ఏదైనా జరిగితే పక్కకి తప్పుకో, నాకు అడ్డం రాకు, 100కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యి అని ముందే చెప్పి పెట్టండి. ఈ సంగతి ఎవరి దగ్గరా అనొద్దని కూడా చెప్పండి. అలా నమ్మి చెప్పలేని మనిషైతే, అతన్ని ఆ వేళ వెంట తీసుకెళ్లకండి.

*పోలీసులు.* ఆయుధం ఉన్న మనిషిని లైసెన్సు చూపించమని అడిగే అధికారం పోలీసుకి చట్టమే ఇచ్చింది. అమెరికాలో మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో పోలీసు ఆపగానే, అడక్కముందే, నా దగ్గర తుపాకీ ఉందని చెప్పి తీరాలి. మనం కూడా ఈ పద్ధతి అలవాటు చేసుకోవడం మేలు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాత్రి తనిఖీ జరుగుతుంటే, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి, నెమ్మదిగా చెప్పండి. "సార్, నా దగ్గర లైసెన్సున్న రివాల్వర్ ఉంది, కుడి నడుముకి ఉంది. లైసెన్సు పై జేబులో ఉంది. మీరు ఎలా చెప్తే అలా చేస్తాను." ముందు మాట, తర్వాతే చెయ్యి కదపడం. ఎన్నికల కోడ్ వచ్చాక డిపాజిట్ చేయమని నోటీసిస్తే, వాదన పెట్టుకోకుండా ఇచ్చి రసీదు తీసుకోండి.

*తనిఖీ ఉన్న గేట్లు.* శంషాబాద్‌లో విమానం ఎక్కాలంటే ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పాలి, తూటాలు తీసేసి చెక్-ఇన్ సామానులో పంపాలి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లలో స్కానర్ దాకా వెళ్లి ఇబ్బంది పడకండి, ఆ రోజు ఆయుధం లేకుండా వెళ్లండి. మాల్ గేటు దగ్గర గార్డు ఇక్కడ పెట్టి వెళ్లండి అన్నా ఇవ్వకండి. లైసెన్సు లేని మనిషి చేతికి మీ ఆయుధం పోకూడదు.

అడిగినవాళ్లకి ఏమనాలి?

అబద్ధం ఆడక్కర్లేదు, వివరం ఇవ్వక్కర్లేదు. జవాబు ముందే తయారుగా ఉంచుకోండి.

పక్క ఫ్లాట్ ఆయన "మీ దగ్గర గన్ ఉందటగా?" అంటే, "సెక్యూరిటీ విషయాలు నేనెవరితోనూ మాట్లాడనండీ. అమ్మాయి ఇంటర్ ఎలా చదువుతోంది?" అని మాట మార్చండి.

బావమరిది చూపించమంటే, "బావా, అది చూపించే వస్తువు కాదు. నువ్వే కాదు, ఎవరడిగినా ఇదే మాట" అనండి.

స్థలం గొడవలో అవతలివాడు "గన్ ఉందని బెదిరిస్తున్నావా?" అంటే, "కాగితాల గురించి మాట్లాడదాం. కుదరకపోతే కోర్టుంది" అని అక్కడికి ఆపండి. గొంతు పెంచకండి, చెయ్యి నడుము వైపు పోనివ్వకండి. అసలు అలాంటి పంచాయితీకి వెళ్లేరోజు దాన్ని ఇంట్లో తాళం వేసి వెళ్లడం ఇంకా మంచిది.

ఫొటోలు, స్టేటస్‌లు పెట్టే ఆలోచనే వద్దు. ఒకరికి చెప్పిన మాటని మర్చిపోతారేమో గానీ, ఫొటో మాత్రం ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పటికే తెలిసిపోతే

కంగారు పడకండి. చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేరు, దానికి కొత్త మాటలు కలపడం మాత్రం ఆపగలరు. ఎవరైనా ఎత్తితే, దాని గురించి మాట్లాడటం మానేశానని ఒకే జవాబివ్వండి. నాలుగుసార్లు ఇదే వింటే అడగడం వాళ్లే మానేస్తారు. దాచే చోటు మార్చండి, తాళం మార్చండి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఒక కాగితం తీసుకోండి. మీ దగ్గర ఆయుధం ఉందని తెలిసినవాళ్ల పేర్లన్నీ రాయండి. ఒక్కో పేరు పక్కన, ఈ మనిషికి తెలియడం వల్ల ఎవరికి మేలు అని రాయండి. మేలు లేని పేర్లు ఎన్నున్నాయో చూస్తే మీ నోటికి ఎంత అదుపుందో తెలిసిపోతుంది. తెలియాల్సి ఉండీ తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే ఆ రోజే కూర్చోబెట్టి చెప్పండి. పని కాగానే ఆ కాగితం చించేయండి.

తర్వాత ఇంకో ప్రశ్న. ఏ భయంతో దరఖాస్తు పెట్టారో ఆ భయం ఇంకా ఉందా? నగదు ఇంటికి తేవడం మానేసి, కెమెరాలు పెట్టించి, షాపు ఒక గంట ముందు కట్టేస్తే తీరిపోయే భయమా? ప్రతి ఐదేళ్లకి లైసెన్సు రెన్యువల్ ఎలాగూ వస్తుంది. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. అవసరం తీరిపోయిందనిపిస్తే సరెండర్ చేయడం పిరికితనం కాదు. ఇంకా అవసరమే అనిపిస్తే, దాన్ని మోసే అర్హత రోజూ సంపాదించుకోండి. కోపం తగ్గించుకోవడం, తాగిన రోజు దాన్ని ముట్టకపోవడం, చెప్పాల్సినవాళ్లకి దాచకపోవడం, మిగతావాళ్ల దగ్గర ఊసెత్తకపోవడం. ఈ నాలుగూ చేతనైన మనిషి దగ్గరున్న ఆయుధం వల్ల ఎవరికీ భయం ఉండదు.