సంచకరువు ఇచ్చే ముందు: అంతర్జాలంలో అపరిచితుల వద్ద కొనుగోలు

ఊరు విడిచి బెంగళూరు చేరిన కుటుంబం తొలి మాసాలలో కొనే వస్తువులలో అధికభాగం పాతవే. మంచం, బీరువా, ఫ్రిజ్, పిల్లవాని చదువుకు ల్యాప్‌టాప్, పనికి వెళ్లి రావడానికి ద్విచక్రవాహనం అన్నీ కొత్తవే కావాలంటే, ఇంటి యజమానికి కట్టిన అడ్వాన్సు వంటి మొత్తమే మరొకటి చేతిలో ఉండాలి. అందువల్ల ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి వేదికలలో తోటి నగరవాసులు అమ్మజూపే సామగ్రి వైపు దృష్టి మళ్లడం సహజం, పొదుపరులకు ఉచితం కూడా. అయితే ఆ సొమ్ము ఎంతో కష్టపడి కూడబెట్టినది. అది ఒక్క నిమిషంలో చేయి దాటిపోయే మార్గాలు ఏవో, వాటిని ఎట్లా మూయవచ్చునో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మన పశువుల సంతలను జ్ఞాపకం తెచ్చుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం కుదిర్చే దళారి ఇరుపక్షాలకూ తెలిసినవాడై ఉంటాడు. అంతర్జాల ప్రకటనలో ఈ మూడూ లేవు: సరుకు కంటి ముందు లేదు, అమ్మేవాడు ఎవరో తెలియదు, మధ్యవర్తి పూచీ పడడు.

మన దేశంలో అంతర్జాల వేలాలు ఆరంభమైన కాలంలో పరిస్థితి కొంత భిన్నంగా ఉండేది. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే సంస్థ కొనుగోలు చేసింది. ఆ వేదికలో ‘పైసాపే’ అనే ఏర్పాటు ఉండేది. కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము నేరుగా అమ్మకందారుకు చేరక మధ్యలో నిలిచి, సరుకు అందిన తరువాతనే ముందుకు సాగేది. 2018లో ఈబే ఇండియా మూతపడింది. నేడు వ్యక్తులు వ్యక్తులకు పాతవస్తువులు అమ్ముకునే వేదికలు చాలావరకు ప్రకటనల పలకలు మాత్రమే. గోడకు అతికించిన కాగితానికి గోడ ఎంత బాధ్యత వహిస్తుందో, ఆ బేరానికి అవీ సుమారుగా అంతే బాధ్యత వహిస్తాయి. సొమ్మును మధ్యలో నిలిపే చేయి లేనప్పుడు, నిలపవలసినది కొనుగోలుదారే.

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పుకోవాలి. బేరం ఖాయపరచడానికి ముందుగా ఇచ్చే సొమ్మును పాత తెలుగులో సంచకరువు, సంచకారం అంటారు. కన్నడంలోనూ ‘సంచకార’ అంటే మూలార్థం అదే. కానీ నేటి కన్నడిగులు ఆ మాటను ‘ముప్పు’ అనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నారు. ‘ప్రాణక్కె సంచకార’ అంటే ప్రాణగండమన్నమాట. అర్థం ఎందుకిట్లా మారిందో భాషావేత్తలు చెప్పాలి గానీ, అంతర్జాల బేరాలకు మాత్రం ఈ రెండవ అర్థమే చక్కగా అతుకుతుంది. చూడని వస్తువుకు ఇచ్చిన అడ్వాన్సు వల్లనే ఈ మోసాలలో పెక్కు ఆరంభమవుతున్నాయి.

బాగా ప్రచారంలో ఉన్న ఒక పద్ధతిని చూద్దాం. స్కూటరు ప్రకటన ఒకటి కనిపిస్తుంది. ధర సంత ధరలో సగం. ఫోను చేస్తే అవతలి వ్యక్తి తాను సైనికుడినని, లేదా విమానాశ్రయంలో భద్రతా సిబ్బందినని చెబుతాడు. హఠాత్తుగా బదిలీ అయింది గనుక చవకగా ఇచ్చివేస్తున్నానంటాడు. అడగకుండానే గుర్తింపు కార్డు, ఆధార్, క్యాంటీన్ కార్డు ఫొటోలు పంపుతాడు. యూనిఫాం ధరించిన చిత్రమూ వస్తుంది. వాహనాన్ని చూడవస్తామంటే శిబిరంలోకి బయటివారిని అనుమతించరంటాడు. సైనిక రవాణాలో మీ ఇంటికే పంపుతానని, అందుకు స్వల్ప రుసుము మాత్రం ముందుగా చెల్లించాలని అంటాడు. అది చెల్లించగానే వాహనం దారిలో ఉన్నదని రసీదు వంటి కాగితం వస్తుంది. ఆపై పన్ను, బీమా, గేటు పాసు, ‘తిరిగి వచ్చే డిపాజిట్’ అంటూ ఒకదాని వెనుక ఒకటి అడుగుతాడు. తొలి రెండు వేలు పోతాయేమోనన్న భయంతో మరో అయిదు వేలు, ఆ అయిదు కోసం మరో పది పంపిస్తారు. ఆ కార్డు ఫొటోలు నకిలీవో, వేరొకరి వద్ద కాజేసినవో అయి ఉంటాయి. అవి నిజమైన వ్యక్తివే అయినా, ఫోనులో మాట్లాడుతున్నవాడు ఆ వ్యక్తే అనడానికి వాటివల్ల రుజువేమీ లేదు.

దీనిలో గమనించదగినది ఒకటున్నది. మోసగాడు మన అత్యాశ మీద మాత్రమే ఆధారపడడు. సైనికుని పట్ల మనకున్న గౌరవాన్ని పెట్టుబడిగా వాడుకుంటాడు. అందువల్ల మోసపోయినవారిని ‘ఆశకు పోయావు’ అని ఇంటివారు దెప్పిపొడవడం అన్యాయం. పైగా ఆ దెప్పుకు జంకే పలువురు విషయాన్ని దాచి, ఫిర్యాదుకు అనువైన సమయాన్ని పోగొట్టుకుంటారు. ఇదే పద్ధతిలో అద్దె ఇళ్ల ప్రకటనలూ వస్తాయి. చూడని ఇంటికి ‘టోకెన్’ చెల్లించమనే ప్రతి మాటనూ ఇట్లాగే తూచవలసి ఉంటుంది.

ఇక చెల్లింపు సంగతి. యూపీఐ విషయంలో ఒక్క నియమాన్ని ఇంటిల్లిపాదీ కంఠస్థం చేయడం మంచిది: పిన్ నొక్కేది సొమ్ము పంపడానికే, స్వీకరించడానికి పిన్ అక్కరలేదు. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసేదీ పంపడానికే. మీరు పాత సోఫాను అమ్మకానికి పెట్టినప్పుడు, ‘ఈ కోడ్ స్కాన్ చేయండి, సొమ్ము మీ ఖాతాలో పడుతుంది’ అనే కొనుగోలుదారు తటస్థపడితే సంభాషణను అక్కడితో ముగించవచ్చు. వ్యక్తుల మధ్య ‘సొమ్ము కోరే అభ్యర్థన’ పంపే సౌకర్యాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది. దానివల్ల ఒక ద్వారం మూతపడింది; క్యూఆర్ ద్వారం మాత్రం తెరిచే ఉన్నది. సొమ్ము పంపామని అవతలివారు చూపే స్క్రీన్‌షాట్‌ను ప్రమాణంగా తీసుకోకండి. మీ బ్యాంకు ఖాతాలో నిల్వ పెరిగినదో లేదో మీ ఫోనులోనే చూసుకోండి.

వస్తువును చూసి, పరీక్షించి, చేతికి తీసుకుని, ఆ తరువాతనే చెల్లించడం ఉత్తమ మార్గం. కలుసుకునే చోటు పట్టపగలు జనసంచారం ఉండే స్థలం కావాలి. మెట్రో స్టేషను ద్వారం, పెద్ద అంగడి ముంగిలి ఇందుకు అనువైనవి. అమ్మేవారి ఇంటికి వెళ్లక తప్పని ఫ్రిజ్, బీరువా వంటి వాటికి తోడు మరొకరిని తీసుకువెళ్లండి. ఫ్రిజ్‌ను కనీసం అరగంట నడిపించి చూడాలి. మీరు వెళ్లేసరికే అది చల్లగా ఉంటే సంతోషించనక్కరలేదు. మీ ఎదుట ఆపి, తిరిగి వేసినప్పుడు కంప్రెసరు ఎట్లా నడుస్తున్నదో వినండి. ల్యాప్‌టాప్‌ను పాత యజమాని ఖాతా నుంచి పూర్తిగా విడిపించి, మీ ఎదుటనే కొత్తగా ఆరంభించి ఇమ్మని అడగండి. ఐఫోన్ అయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పాత యజమాని ఖాతా తొలగకపోతే అది మీ చేతిలో గాజు పలకతో సమానం.

సెల్‌ఫోన్ కొనుగోలులో సొమ్ముతోబాటు చట్టం ప్రసక్తి కూడా ఉన్నది. దొంగసొత్తు కొన్నవారికి దానిపై యాజమాన్యం సంక్రమించదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, అమ్మేవానికి లేని హక్కు సాధారణంగా కొనేవానికి రాదు. దొంగసొత్తని తెలిసి గాని, అట్లా నమ్మడానికి కారణం ఉండి గాని పుచ్చుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరమవుతుంది. బిల్లు లేదు, పెట్టె లేదు, ధర మూడవ వంతు అన్నప్పుడు ‘నాకేమీ తెలియదు’ అనే సమాధానానికి బలం తక్కువ. అందువల్ల సొమ్ము ఇవ్వకముందే ఆ ఫోనులో *#06# నొక్కండి. పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. అది పెట్టె మీది సంఖ్యతోనూ బిల్లులోని సంఖ్యతోనూ సరిపోవాలి. పిమ్మట మీ ఫోను నుంచి ఆంగ్లాక్షరాలలో కేవైఎం అని వ్రాసి, కొంత ఎడమిచ్చి, ఆ పదిహేను అంకెలూ చేర్చి 14422 సంఖ్యకు సంక్షిప్త సందేశం పంపండి. కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ వేదికలోనూ ఈ పరీక్ష చేయవచ్చు. ఆ సంఖ్య నిరోధిత జాబితాలో ఉన్నదని సమాధానం వస్తే ఫోను తిరిగి ఇచ్చివేసి వచ్చేయండి.

అన్నింటికంటె ఎక్కువ చిక్కులు వాహనాలలో ఉంటాయి. మనవారికి వచ్చే చిక్కు ఒకటి ప్రత్యేకమైనది కూడా. ఆంధ్ర, తెలంగాణ సంఖ్యలతో తిరుగుతున్న బండ్లను తోటి తెలుగువారి వద్ద, తెలిసిన యాస విన్న ఉత్సాహంలో, నోటిమాట మీద కొనేవారున్నారు. యాస కలిసినంత మాత్రాన కాగితాలు కలవవు. ముందుగా ఎం-పరివాహన్ యాప్‌లో వాహన సంఖ్య వేసి నమోదు తేదీ, బీమా గడువు, అప్పు తాకట్టు ఉన్నదా లేదా అన్న వివరాలు చూడండి. ఇంజను, ఛాసిస్ సంఖ్యలను ఆర్‌సీతో స్వయంగా సరిచూడండి. చలాన్లు బాకీ ఉన్నాయేమో విచారించండి. అప్పు ఉండి తీరినట్లయితే బ్యాంకు లేఖ, ఫారం 35 కావాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 అవసరం. వేరే రాష్ట్రపు వాహనమైతే అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, తప్పనిసరి. పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచే వాహనానికి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం కొత్త సంఖ్య తీసుకోవాలి. కర్ణాటక పన్నూ చెల్లించవలసి వస్తుంది. చవకగా దొరికిందనుకున్న బండి ఈ పన్నుతో ఖరీదైనదవుతుందేమో ముందే లెక్క వేసుకోవడం మేలు.

బదిలీ సంగతి అమ్మేవారికీ అంతే ముఖ్యం. సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో, రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే ప్రమాద పరిహారానికి యజమానిగా బాధ్యులని నిర్ణయించింది. బండి అమ్మి ఊరికి వెళ్లిపోయినవారికి, మూడు చేతులు మారిన తరువాత ఎవరో చేసిన ప్రమాదానికి నోటీసు రావచ్చునన్నమాట. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే పద్నాలుగు రోజులలోగా, ఇతర రాష్ట్రమైతే నలభై అయిదు రోజులలోగా బదిలీని తెలియజేయాలి. కొన్నవారికి గడువు ముప్పై రోజులు. బీమా పత్రాన్ని కూడా కొన్నవారు పద్నాలుగు రోజులలోగా తమ పేర మార్పించుకోవాలి.

వేలం పద్ధతిలో కొనేవారికి రెండు మాటలు. వేలంలో మీరు ఓడిపోయిన తరువాత ‘గెలిచినవారు తప్పుకున్నారు, మీకే ఇస్తాము, ఈ ఖాతాకు పంపండి’ అని వేదిక వెలుపల నుంచి సందేశం వస్తే అది పాత ఎత్తుగడ. వేదికలోకి వెళ్లి అక్కడ నమోదై ఉన్నదేమో చూసిన తరువాతనే సమాధానమివ్వండి. బ్యాంకులు జప్తు చేసిన వాహనాలను ‘ఉన్నచోట ఉన్నట్లుగా’ అనే నిబంధనతో అమ్ముతాయి. లోపాలకు వారు పూచీ పడరు గనుక ముందే వెళ్లి చూడాలి. ధరావతు సొమ్మును సంస్థ పేరనున్న ఖాతాకు తప్ప వ్యక్తి ఖాతాకు పంపకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చు. వినియోగదారుల చట్టం ఉన్నది కదా అనవచ్చు. ఉన్నది. కానీ 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు క్రమబద్ధమైన వ్యాపారంగా కాక వ్యక్తిగత హోదాలో అమ్మేవారికి వర్తించవు. పక్క వీధివాడు తన పాత టీవీని అమ్మితే అతడు వర్తకుడు కాడు. దుకాణం గాని కంపెనీ గాని అమ్మినదైతే 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు. వ్యక్తి మోసగించినప్పుడు పోలీసుల వద్దకే వెళ్లాలి.

సొమ్ము పోయిందని గ్రహించిన మరుక్షణం 1930 సంఖ్యకు ఫోను చేయండి. మీరే పిన్ నొక్కి పంపిన సొమ్మును, మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలాగా బ్యాంకు భర్తీ చేయడం అరుదు. కనుక మోసగాడు దానిని మరొక ఖాతాకు తరలించేలోగా స్తంభింపజేయడమే మీకున్న గట్టి ఆశ. గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. కన్నడం సరిగా రాదని జంకి ఆగవద్దు. ‘మోసదింద నన్న హణ హోగిదె’ అంటే చాలు. ఆపైన చెప్పవలసినవి చాలావరకు అంకెలే: మీ ఖాతా సంఖ్య, పోయిన మొత్తం, సమయం, పన్నెండంకెల యూపీఐ లావాదేవీ సంఖ్య, అవతలివారి ఫోను సంఖ్య. వెంటనే మీ బ్యాంకుకూ తెలియజేసి, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ వేదికలో వ్రాతపూర్వకంగా నమోదు చేయండి. మీ ప్రాంతపు సీఈఎన్ పోలీసు ఠాణాకు వెళ్లవచ్చు. మోసగాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడన్న కారణంతో ఫిర్యాదును తిరస్కరించే వీలు లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారాన్ని స్వీకరించవలసిందే.

కోపంతో ఆ సంభాషణను చెరిపివేయకండి. ప్రకటన చిత్రం, వాట్సాప్ మాటలు, పంపిన కార్డుల ఫొటోలు అన్నీ సాక్ష్యాలే. కొద్ది రోజులకు ‘మీ పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తాము, స్వల్ప రుసుము చెల్లించండి’ అంటూ పోలీసు అధికారి పేరనో, వకీలు పేరనో మరొక ఫోను రావచ్చు. ఆ ఫోను చేసిన సంఖ్యను కూడా అదే ఫిర్యాదులో చేర్పించండి.