మాయల నవలల్లో మనకు సరిపడేది వెతుక్కోవడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, పోటీ పరీక్షల గురించి రాస్తానని అందరూ అనుకున్నారు. అలాంటి వ్యాసాలు ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి. నేను మాంత్రికుల గురించి, రాక్షసుల గురించి రాద్దామనుకుంటున్నాను. నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. నాకు చదవడం మీద ఇష్టం పుట్టించినది పాఠ్యపుస్తకం కాదు, అట్ట ఊడిపోయిన ఒక మాయల కథ.

ఒక తమ్ముడి మాట

పోయిన సంవత్సరం సెలవులకు నిమ్మాడ వచ్చినప్పుడు హాస్టల్‌కి వెళ్ళాను. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు వరండాలో ఒంటరిగా కూర్చున్నాడు. అంతకుముందు నేనిచ్చిన 'కాశీమజిలీ కథలు' పుస్తకం పక్కన పడి ఉంది. ఎలా ఉందిరా అని అడిగాను.

"నాకు పుస్తకాలు పడవన్నా. రెండు పేజీలు సదివీసరికి తల తిరిగిపోతంది. సదువు మానేసి మా మావతోటి చెన్నై పనికెళ్ళిపోతాను" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, నాది. నాకు ఇష్టమైన పుస్తకం వాడి చేతిలో పెట్టాను కాని, వాడికి ఏది ఇష్టమో అడగలేదు. ఒక కూర సయించకపోతే వేరే కూర వండుతాం. అన్నమే మానెయ్యమని ఎవరూ చెప్పరు కదా! పుస్తకాల విషయంలో మాత్రం ఒకటి నచ్చకపోతే "వీడికి చదువు అబ్బదు" అనేస్తాం. కొన్నాళ్ళకు వాడు కూడా అదే నమ్ముతాడు.

అందుకే ఈ వ్యాసం. ఇంగ్లీషులో 'ఫాంటసీ' అనే ఈ నవలలను మన గ్రంథాలయాల్లో ఆ పేరుతో అడిగితే ఒక్కోసారి దొరకవు. 'జానపద నవలలు', 'మంత్రతంత్రాల నవలలు', 'అద్భుత కథలు' అని అడగాలి. ఏ పుస్తకం తీసుకోవాలో తెలియాలంటే ముందుగా మనల్ని మనం నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఎంత బరువైన భాష చదవగలను?

మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రాసిన 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు అనే యతి కాశీకి నడిచి వెళుతూ, తోడుగా ఒక పశువుల కాపరిని తీసుకెళతాడు. దారిలో తాను చూసిన ప్రతి వింతకూ కథ చెప్పాలని ఆ కాపరి షరతు. అలా ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమాకు మూలం ఈ కథల్లోనే ఉంది. ఒక పశువుల కాపరి అడిగిన ప్రశ్నల వల్ల ఇంత పెద్ద గ్రంథం పుట్టిందన్న ఆలోచనే నాకు ఎంతో ఇష్టం. అయితే ఇది గ్రాంథిక భాష. ఇంటర్, డిగ్రీలో తెలుగు మీద పట్టు వచ్చినవాళ్ళకు, పద్యనాటకాలు విని పెరిగినవాళ్ళకు బాగుంటుంది. తొమ్మిదో తరగతి వాడికి ఇవ్వడం నా పొరపాటు.

ఆరు నుంచి పది వరకు చదువుతున్న తమ్ముళ్ళు 'చందమామ' సీరియల్స్‌తో మొదలుపెట్టవచ్చు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. కాని కొడవటిగంటి కుటుంబరావు గారి సంపాదకత్వంలో దానికి ఒక భాష స్థిరపడింది. చిన్న వాక్యం, తెలిసిన మాట, వెంటనే జరిగే పని. నిఘంటువు అవసరం రాదు.

రెండో ప్రశ్న: నాకు కావలసినది ప్రయాణమా, నవ్వా, భయమా?

మాయల నవలలన్నీ ఒకే రుచి కాదు. ప్రయాణం ఇష్టమైతే దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' చదవండి. 1954లో చందమామలో మొదలైన సీరియల్ ఇది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడల మీద బయలుదేరి, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పోరు మధ్య చిక్కుకుంటాడు. దానికి బొమ్మలు 'చిత్ర' గారివి.

నా మొదటి మాయల నవల ఇదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేను అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు ఉద్దానంలోని మా ఇంటికి వచ్చి ఉన్నాను. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి. మా నాన్న కూలికి వెళ్ళే తోట మిగల్లేదు. పలాసలో అమ్మ జీడిపిక్కలు ఒలిచే పని కూడా ఆగిపోయింది. చాలా రోజులు కరెంటు లేదు. పక్కింటి వాళ్ళు తడిసిన సామాన్లు ఎండబెడుతుంటే, అందులో పాత చందమామలు కలిపి కుట్టిన పుస్తకం ఒకటి కనబడింది. అడిగి తెచ్చుకున్నాను.

రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర మా చెల్లికి, తమ్ముడికి పైకి చదివి వినిపించాను. నాన్న గోడకు చేరబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. నిద్రపోయాడనుకుని ఒకచోట ఆపాను. "ఆపీసావేటి? తరవాతేటయింది?" అన్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన అంత మాట్లాడటం అదే మొదలు. తడిసి అంటుకుపోయిన పేజీలను మర్నాడు ఎండలో పెట్టి విడదీసి, రాత్రికి మళ్ళీ చదివాను. ఆ కథలో మా తోట లేదు, తుఫాను నష్టం లేదు, అప్పు లేదు. అందుకే ఆ రాత్రులు గడిచాయి. కథ పారిపోవడానికే అంటారు కొందరు. కాసేపు పక్కకు వెళ్ళి ఊపిరి తీసుకుని వచ్చినవాడు మర్నాడు పడిన చెట్టు కొయ్యడానికి లేవగలడని నేను చూశాను.

నవ్వు ఇష్టమైనవాళ్ళకు విశ్వనాథ సత్యనారాయణ గారి రెండు చిన్న నవలలు చెబుతాను. పెద్ద పేరు చూసి భయపడకండి. 'హాహాహూహూ'లో గుర్రం తల ఉన్న గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఇది మనిషా, జంతువా అని ఆంగ్లేయులు తలలు పట్టుకుంటారు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, కవి తిక్కన కలిసి రచయిత దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. స్పెల్లింగుకీ పలుకుకీ పొంతన ఎందుకు లేదని వాళ్ళడిగే ప్రశ్నలు మనం క్లాసులో అడగలేక మింగినవే. ఇంగ్లీషంటే వణికే తమ్ముళ్ళు దీన్ని తప్పక చదవండి.

ఇక భయం. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' తెలుగునాట విపరీతంగా చదివిన నవల. తులసి అనే చిన్నపాప మీద జరిగే క్షుద్రప్రయోగం కథ. హాస్టల్లో నా రూమ్మేట్లు దుప్పటి కప్పుకుని, ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివారు. నేను సగంలో ఆపేశాను. "పిరికోడివిరా" అని ఏడిపించారు. నేనూ అలాగే అనుకున్నాను.

చాలా కాలానికి అసలు కారణం తెలిసింది. మా నాయనమ్మకు వరసకు చెల్లెలు ఒకావిడ ఉండేది. ఎవరి బిడ్డకో జ్వరం వస్తే "ఆ ముసల్దానికి చిల్లంగి ఉంది" అని ఎవరో అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. ఆవిడ గుమ్మం తొక్కేవారు లేరు. నూతి దగ్గరకు ఆవిడ వస్తే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని తప్పుకునేవారు. నాకు చిన్నప్పుడు జీడిపండ్లు ఏరి పెట్టిన చెయ్యి అది. చేతబడి నిజమన్నట్టు సాగే కథ చదువుతుంటే నాకు ఆ చెయ్యే కనబడేది. నా స్నేహితులకు అది వట్టి కథ. నాకు కాదు. వాళ్ళ ఇష్టం తప్పు కాదు, నా అయిష్టమూ పిరికితనం కాదు. ఒక పుస్తకం మనకు పడకపోవడానికి మన బతుకులో కారణం ఉండవచ్చు. దాన్ని గుర్తిస్తే చాలు, సిగ్గుపడనక్కర్లేదు. భయం కథలు ఇష్టమైనవాళ్ళు హాయిగా చదువుకోండి. పుస్తకం మూశాక మాత్రం చేతబడి లేదని, జ్వరానికి ఆసుపత్రి ఉందని గుర్తుంచుకోండి.

మూడో ప్రశ్న: కథలో ఎవరి వెంట నడవాలని ఉంది?

రాజకుమారుడి వెంట నడవడం కొందరికి ఇష్టం. నడిస్తే తప్పేమీ లేదు. కొందరికి మాత్రం తనలాంటివాడు కనబడితేనే కథ తలకెక్కుతుంది. అలాంటివాళ్ళకు దాసరి వారిదే 'ముగ్గురు మాంత్రికులు' ఉంది. అందులో పింగళుడు రాజకుమారుడు కాదు. వల వేసి చేపలు పట్టి ఇల్లు గడిపేవాడు. మాంత్రికుల పాలిట పడ్డా, అతడి తిప్పలు మొదలైనది తిండి దగ్గరే.

ఇంగ్లీషు కొంత చదవగలిగినవాళ్ళకు జె.కె.రౌలింగ్ 'హ్యారీ పోటర్' ఉంది. 1997 నుంచి 2007 వరకు వచ్చిన ఏడు పుస్తకాలు. సినిమాగా చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బంధువుల ఇంట్లో మెట్ల కింద అరలో పడుకునే పిల్లవాడు ట్రంకుపెట్టె పట్టుకుని హాస్టల్ బడికి వెళతాడు. మొదటి రోజు ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో తెలియదు. ఆ పేజీలు చదువుతుంటే ఆరో తరగతిలో నా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఏడింటిలో మొదటిది సులువు, తర్వాతవి లావెక్కుతాయి. మొదటిదానితోనే మొదలుపెట్టండి.

నాలుగో ప్రశ్న: మాయకు ఒక లెక్క ఉండాలా?

కొన్ని కథల్లో మాంత్రికుడు ఏదైనా చేసేస్తాడు. ఆ స్వేచ్ఛే అందం. కాని లెక్కలు ఇష్టపడే కుర్రాళ్ళకు "అంత శక్తి ఉంటే ముందే ఎందుకు చెయ్యలేదు?" అన్న అనుమానం వస్తుంది. వాళ్ళకు నియమాలున్న మాయ కావాలి. ఉర్సులా లె గ్విన్ అనే అమెరికన్ రచయిత్రి 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అలాంటిది. ఆ లోకమంతా ద్వీపాలు. ప్రతి వస్తువుకూ ఒక అసలు పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాడికే దాని మీద శక్తి. చేసిన ప్రతి మాయకూ ఎక్కడో ఒకచోట ఫలితం అనుభవించాలి. కథానాయకుడు గెడ్ కంచు పనివాడి కొడుకు, మేకలు కాసిన పిల్లవాడు, ఒంటి రంగు ఎర్రటి గోధుమ రంగు. పెద్ద లావు పుస్తకం కాదు. గర్వంతో చేసిన ఒక తప్పును తానే ఎదుర్కొనడమే కథంతా.

ఆచరణలో ఎలా?

1. నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. మీకు నచ్చిన మూడు సినిమాలో కథలో రాసి, ఎందుకు నచ్చాయో ఒక్కో వాక్యం రాయండి. "ఫైటింగులు బాగున్నాయి" అన్నా ఫరవాలేదు, నిజం రాయండి.

2. నచ్చనివి రెండు రాయండి. నచ్చనిదే మన రుచిని త్వరగా చెబుతుంది.

3. ఏ పుస్తకమైనా ఇరవై పేజీలు చదవండి. అప్పటికీ కదలకపోతే ఆపేసి, కారణం రాయండి: భాషా, రుచా, మనిషా, లెక్కా? తర్వాతి పుస్తకం ఆ ఒక్క విషయంలో వేరుగా ఉండేలా చూసుకోండి.

4. నచ్చితే అదే రచయితది ఇంకొకటి వెతకండి. 'తోకచుక్క' తర్వాత 'మకరదేవత' ఉంది. కాని చందమామ సీరియల్స్ మీద రచయిత పేరు వేసేవారు కాదు. కాబట్టి పాత సంచికల్లో సీరియల్ పేరుతోనే వెతకాలి.

5. టెక్కలి, పలాస వెళ్ళినప్పుడు శాఖా గ్రంథాలయంలో అడగండి. "మంచి పుస్తకం ఇవ్వండి" అనకండి. "ఓడ ప్రయాణం ఉండాలి, భాష సులువుగా ఉండాలి" అని అడగండి. శ్రీకాకుళం వెళితే కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం చూసి రండి. అది కథల కోసం పెట్టిన ఇల్లు. నవల పొడుగు చూసి బెదిరేవాళ్ళు కథతో మొదలుపెట్టడమూ మంచిదే.

చివరిగా

ఆ తమ్ముణ్ణి మర్నాడు కూర్చోబెట్టి ఈ నాలుగు ప్రశ్నలు అడిగాను. సులువు భాష, ప్రయాణం, తనలాంటివాడు అన్నాడు. లెక్క సంగతి తెలీదన్నాడు. 'ముగ్గురు మాంత్రికులు' ఇచ్చాను. వారానికి ఫోను చేసి, "అన్నా, పింగళుడి అన్నలు మోసగాళ్ళని ముందే ఎందుకు సెప్పలేదు?" అని నాతో దెబ్బలాడాడు.

వాడిప్పుడు పదో తరగతి. నవల వల్లనే చదువు మానలేదని నేను చెప్పను. వాళ్ళమ్మ ఏడ్చింది, ఒక మాస్టారు వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళారు. కాని "నాకు పుస్తకాలు పడవు" అన్న మాట మాత్రం వాడి నోట మళ్ళీ వినలేదు.

ఒక విన్నపం. హాస్టల్ వరండా గోడకు ఒక అట్ట అంటించాను. చదివిన పుస్తకం పేరు, అది ఎలాంటివాళ్ళకు నచ్చుతుందో ఒక్క వాక్యం అందులో రాయండి. "బాగుంది" అని రాయకండి, ఎవరికి బాగుంటుందో రాయండి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు మీరూ ఒకటి రాసి వెళ్ళండి. వీలైతే ఆ పుస్తకం కూడా ఇచ్చి వెళ్ళండి. మొదటి వరుసలో నేను 'తోకచుక్క' రాసి, పక్కన ఇలా రాశాను: "కరెంటు లేని రాత్రి ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించేవాళ్ళకు."

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తెలుగు)