శిక్ష ఎందుకు? ఆ ప్రశ్నే వృత్తి అయితే...

ప్రశ్న: మాది పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బీఏ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. శిక్ష ఎందుకు, ఎంత వేయాలన్న దానిపై పరిశోధన చేసి పాఠాలు చెప్పాలని ఉంది. ఇంట్లోవాళ్ళు ‘అదేం చదువు?’ అంటున్నారు. దారి ఉందా?

జవాబు: ఉంది, కాకపోతే పొడుగుది. ముందు మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేయండి. తర్వాత క్లాట్ పీజీ ప్రవేశపరీక్ష రాసి బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లోనో హైదరాబాద్ నల్సార్‌లోనో ఎల్‌ఎల్‌ఎం. ఆపైన యూజీసీ నెట్, పీహెచ్‌డీ. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధన కాలంలో నెలనెలా ఫెలోషిప్ అందుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో ‘శిక్షా తత్వం’ అని వెతక్కండి. క్రిమినల్ లా, జూరిస్‌ప్రుడెన్స్ బోధించే పోస్టులు చూడండి.

ఆసక్తి నిలుస్తుందో లేదో తేలాలంటే 1974 నాటి ఈడిగ అన్నమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పు చదవండి. హత్యకేసులో ఆమెకు పడిన ఉరిని సుప్రీంకోర్టు యావజ్జీవంగా మార్చింది. నేరం రుజువైందంటూనే జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయసును, పసికొడుకును, ఉరిభయంలో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకున్నారు. శిక్ష నేరానికా, మనిషికా? ఈ చర్చ 1980లో ఉరిశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన బచన్ సింగ్ తీర్పులో మరింత సాగింది. సిద్ధాంతం కోసం న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ శిక్షపై 1968లో అచ్చువేసిన వ్యాసాలు చదవండి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సమాజసేవ కూడా ఒక శిక్షే. దాని ఉద్దేశం ఏమిటన్నది మంచి పరిశోధనాంశం. తెలుగు, కన్నడం రెండూ రావడం కోర్టుల్లో క్షేత్రపరిశోధనకు మీకు కలిసొచ్చే బలం. ముందు లా సీటుకు దరఖాస్తు పెట్టండి.