వెనకాల ఉన్న యాప్‌లు మూసేస్తే చార్జింగ్ మిగులుతుందా?

(9వ తరగతి విద్యార్థిని)

సెల్‌ఫోను ఉన్నవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉంది. పని అయిపోగానే కింద బటన్ నొక్కుతారు. అంతవరకు వాడిన యాప్‌లన్నీ పేకముక్కల్లాగ వరసగా కనబడతాయి. వాటిని ఒక్కొక్కటే వేలితో పైకి తోసేస్తారు. ఎందుకని అడిగితే మా అన్నయ్య "ఇవన్నీ ఎనకాల తిరుగుతూనే ఉంటాయి, సార్జింగు తాగేస్తాయి" అంటాడు. మా ఊర్లో అందరిదీ అదే మాట. మన హాస్టల్లో అక్కలు కూడా అదే అంటారు. అందరూ అన్నంత మాత్రాన నిజమైపోతుందా? చూద్దాం.

హాస్టల్లో మనకు ఫోన్లు లేవు కదా, ఈ పాఠం మనకెందుకు అని కొందరు అడగవచ్చు. మన ఇళ్లలో ఉన్నాయి. పైగా మన ఊళ్లలో చార్జింగ్ అంటే కింద మైదానం వాళ్లకు ఉన్నట్టు కాదు. వానాకాలంలో చెట్టు విరిగి తీగ మీద పడితే రెండు మూడు రోజులు కరెంటు రాదు. సిగ్నల్ కోసం కొండెక్కాలి. పురిటి నొప్పులు వచ్చినామెను డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేలోపు ఎవరో ఒకరు ముందే పైకెక్కి 108కి ఫోను చెయ్యాలి. అప్పుడే బండి రోడ్డు మీదికి వచ్చి ఉంటుంది. ఆ గంటలో ఆ ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి. కాబట్టి చార్జింగ్‌ను ఏది తింటుంది, ఏది తినదు అన్నది మనకు సరిగ్గా తెలియాలి.

ట్రంకుపెట్టె, చాప

ఫోను కొనేటప్పుడు షాపులో "4 జీబీ, 64 జీబీ" అంటారు. అందులో మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజి. ఫొటోలు, పాటలు, యాప్‌లు అన్నీ స్టోరేజిలో ఉంటాయి. ఫోను ఆపేసినా పోవు. ర్యామ్ అలా కాదు. ఇప్పుడు వాడుతున్నవి, కొంచెం ముందు వాడినవి మాత్రమే అందులో ఉంటాయి. ఫోను ఆపితే అది ఖాళీ అయిపోతుంది.

మన ట్రంకుపెట్టె స్టోరేజి అనుకోండి. స్టడీ అవర్‌లో మనం పరుచుకునే చాప ర్యామ్. లెక్కల పుస్తకం పెట్టెలోంచి తీసి చాప మీద పెడతాం. తర్వాత సోషల్ తీస్తాం. లెక్కల పుస్తకం పక్కనే తెరిచి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవడం లేదు. యాప్‌లోంచి బయటికి వచ్చేస్తే జరిగేది కూడా ఇదే. ఆ యాప్ ర్యామ్‌లో ఉంటుంది గానీ ఫోను మెదడు, అంటే ప్రాసెసర్, దానికి మామూలుగా పని ఇవ్వదు. ఐఫోన్‌లో అయితే యాప్‌ను వదిలిన కొద్ది సెకన్లకే అది కదలకుండా ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ముందు కొంచెం స్వేచ్ఛ ఉండేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి వెనకాల పని చేసుకోవడానికి గట్టి హద్దులు పెట్టారు.

మరి ర్యామ్‌లో ఊరికే ఉన్నందుకు చార్జింగ్ ఖర్చు కాదా? ఈ ప్రశ్న నేను సైన్సు టీచర్‌ను అడిగాను. టీచర్ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ర్యామ్ లోపల చాలా చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి. ఒక్కో గిన్నెలో కొంచెం విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. 4 జీబీ ర్యామ్‌లో ఇవి ఎన్ని ఉంటాయో లెక్క కట్టాను. 4ను 1024తో మూడుసార్లు గుణించి, మళ్లీ 8తో గుణించాలి. 3,400 కోట్లకు పైనే వచ్చింది! ఈ గిన్నెలు చిల్లుకుండల్లాంటివి. ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకని ఫోను సెకనుకు ఎన్నోసార్లు వాటిని మళ్లీ నింపుతూ ఉండాలి. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ నింపడం మొత్తం ర్యామ్‌కి జరుగుతుంది. అందులో యాప్ ఉందా, ఖాళీగా ఉందా అని చూడదు. చాప మీద ఒక పుస్తకం ఉన్నా ఐదు ఉన్నా పైన బల్బు కాల్చే కరెంటు ఒక్కటే కదా, అలాగ.

ఇక చాప నిండిపోతే? ఎక్కువసేపటి నుంచి ముట్టుకోని పుస్తకం పెట్టెలోకి వెళ్తుంది. ఫోను కూడా కొత్త యాప్‌కి చోటు కావాల్సి వస్తే ముఖ్యమైన వాటిని ఉంచి, వాడి చాలాసేపైన వాటిని తనే తీసేస్తుంది. ర్యామ్ తక్కువ ఉన్న చిన్న ఫోన్లలో ఇది తరచుగా జరుగుతుంది. మనం వేలితో చేసే పని ఫోను అవసరం వచ్చినప్పుడు తనంతట తనే చేసుకుంటోంది.

ఇంటికెళ్లినప్పుడు ఇది చేసి చూడండి

దసరా సెలవుల్లో మా అన్నయ్య పాత ఫోను మీద రెండు పరీక్షలు చేశాను. ఎవరైనా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఒక యాప్ తెరవండి, బయటికి రండి, పైకి తోసేయకుండా మళ్లీ తెరవండి. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టండి. మా ఫోన్‌లో రెండు అనేలోపే వచ్చేసింది. ఇప్పుడు అదే యాప్‌ను తోసేసి తెరవండి. మాకు తొమ్మిది దాకా పట్టింది. ఎందుకంటే పెట్టె తాళం తీసి, పుస్తకం వెతికి, పేజీ తిప్పి మొదటి నుంచి అంతా చెయ్యాలి. ఆ పని ప్రాసెసరే చెయ్యాలి, దానికి చార్జింగ్ కావాలి. రోజూ వాడే యాప్‌ను రోజుకి ఇరవైసార్లు మూస్తే ఇరవైసార్లు ఈ పని. మిగులుతుంది అనుకున్నది ఇలా ఖర్చవుతుంది. (కొంచెమే ఖర్చవుతుంది. అన్నయ్యతో తగువు పెట్టుకునేంత లేదు.)

రెండో పరీక్ష ఇంకా బాగుంటుంది. నాలుగైదు యాప్‌లు తెరిచి, ఫోను పూర్తిగా ఆపేసి మళ్లీ వెయ్యండి. ర్యామ్ ఖాళీ అయిపోయింది కదా. ఇప్పుడు కింద బటన్ నొక్కి చూస్తే ఆ ముక్కలు చాలా ఫోన్లలో అలాగే కనబడతాయి! అంటే అవి నడుస్తున్న యాప్‌ల జాబితా కాదు. మీరు ఇంతకు ముందు ఏమేం వాడారో చూపించే బొమ్మలు. మా అన్నయ్యకి నా మాటలన్నింటి కంటే ఇది బాగా ఎక్కింది. నోరు తెరిచి చూశాడు.

ఫోన్లు తయారుచేసే వాళ్లు కూడా ఇదే చెప్పారు. 2016లో ఒకాయన యాపిల్ కంపెనీకి మెయిల్ రాసి, మీరు యాప్‌లు మూస్తుంటారా, చార్జింగ్ కోసం అలా మూయాలా అని అడిగాడు. అక్కడ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద అయిన క్రెయిగ్ ఫెడరీగి రెండింటికీ లేదు, అక్కర్లేదు అనే జవాబిచ్చారు. అప్పట్లో ఆండ్రాయిడ్ పెద్దగా ఉన్న హిరోషి లాక్‌హైమర్ కూడా మూయడం వల్ల లాభం లేదన్నట్టే చెప్పారు.

మరి ఇంతమందికి ఈ అలవాటు ఎక్కడిది? నాకు తోచింది ఏంటంటే, ఇది పాత రోజుల నుంచి వచ్చింది. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ర్యామ్ 192 ఎంబీ మాత్రమే. ఇప్పటి 4 జీబీలో అది ఇరవయ్యో వంతు కూడా లేదు. అప్పుడు యాప్‌లను చంపడానికే వేరే యాప్‌లు ఉండేవి, జనం ఎగబడి వేసుకునేవారు. ఫోన్లు మారిపోయాయి, అలవాటు మిగిలిపోయింది. ఇప్పటికీ "క్లీనర్", "బూస్టర్" పేర్లతో కొన్ని ఉన్నాయి. అలాంటివి వేసుకోకపోవడమే మంచిది. అవి తామే వెనకాల నడుస్తాయి, పైగా ప్రకటనలు చూపిస్తాయి.

ఎప్పుడు మూయాలి?

అసలు మూయనే కూడదని కాదు. యాప్ బిగుసుకుపోయి ఎక్కడ నొక్కినా కదలకపోతే మూయాలి. దారి చూపించే మ్యాపు, పాటలు, వీడియో పంపించడం ఇవి మనం బయటికి వచ్చాక కూడా నిజంగానే నడుస్తుంటాయి. పని అయిపోతే వాటిని ఆపాలి. హాట్‌స్పాట్ కూడా అంతే, వేసినవాళ్లు మర్చిపోతారు. కొన్ని యాప్‌లు దొంగచాటుగా పని చేస్తాయి. వాటిని పైకి తోసినా మళ్లీ లేచి కూర్చుంటాయి. సెట్టింగుల్లో బ్యాటరీ అనే చోటికి వెళ్తే ఏ యాప్ ఎంత శాతం తిన్నదో రాసి ఉంటుంది. వాడనిది పైన కనబడితే అదే దొంగ. దాన్ని వెనకాల నడవకుండా అక్కడే కట్టడి చెయ్యొచ్చు, అక్కర్లేకపోతే తీసెయ్యొచ్చు. అన్నీ తోసేయడం కన్నా ఆ ఒక్కదాన్ని పట్టుకోవడం మేలు.

ఇంకో మాట. కొన్ని ఫోన్లలో మెసేజిలు వచ్చే యాప్‌ను తోసేస్తే, మళ్లీ తెరిచేదాకా మెసేజి రాదు. హాస్టల్ నుంచి ఇంటికి పంపిన మాట సాయంత్రం దాకా చేరలేదంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

మరి చార్జింగ్ తినేది ఎవరు?

ఒకటి, వెలిగే తెర. వెలుతురు తగ్గించుకుంటే కళ్ల ముందే తేడా తెలుస్తుంది. వీడియోలు, ఆటలు కూడా బాగా తింటాయి. ఇవి అందరికీ తెలిసినవే.

మన ఊళ్లకు వచ్చేసరికి అసలు తిండిపోతు వేరే ఉంది. అది సిగ్నల్. ఫోను టవర్ మాట వినడమే కాదు, టవర్‌కి తిరిగి మాట చెప్పాలి కూడా. టవర్ దగ్గరుంటే గుసగుసలాడితే సరిపోతుంది. దూరమైతే ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీది మనిషిని కేకేసినట్టు గట్టిగా అరవాలి. 4జీ ఫోను మామూలుగా 200 మిల్లీవాట్ల దాకా బలంతో పంపగలదు. టవర్ పక్కన ఉంటే అందులో చాలా చిన్న భాగం చాలు. అసలు టవర్ అందని లోయలో అయితే ఫోను ఊరుకోదు. ఎక్కడైనా దొరుకుతుందేమో అని మళ్లీ మళ్లీ వెతుకుతూనే ఉంటుంది. రాత్రి దిండు కింద పెట్టిన ఫోను, ఎవరూ ముట్టుకోకుండానే పొద్దున్నకి దిగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి "డోజ్" అని ఒకటి ఉంది, అంటే కునుకు. కదలకుండా, తెర వెలగకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌లను అది నిద్రపుచ్చుతుంది. యాప్‌లు నిద్రపోయినా టవర్ వెతకడం మాత్రం ఆగదు.

దీనికి మందు ఫోన్‌లోనే ఉంది. పైనుంచి కిందికి లాగితే విమానం బొమ్మ కనబడుతుంది. అది నొక్కితే ఫోను వెతకడం ఆపేస్తుంది. సిగ్నల్ ఎలాగూ లేని ఇంట్లో ఫోన్‌ను ఇలా ఉంచితే చార్జింగ్ చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంటికెళ్లినప్పుడు అమ్మకీ నాన్నకీ ఇది చూపించండి. చదువు రాకపోయినా బొమ్మ గుర్తుపట్టగలరు. సిగ్నల్ వచ్చే ఊళ్లో మాత్రం ఇలా చెయ్యకూడదు. బొమ్మ ఉన్నంతసేపు మనకు వచ్చే ఫోను కూడా మోగదు. కొండెక్కాక ఆ బొమ్మను మళ్లీ నొక్కి తీసెయ్యాలి. గీతలు రావడానికి కొంతసేపు పడుతుంది, కంగారుపడి ఫోను ఆపెయ్యొద్దని కూడా చెప్పండి.