సెల్‌ఫోను ఛాయాచిత్రము: కాంతి అంకెలుగా మారు విధము

చెరువు పూడికతీత పని జరుగుచోట ఉదయముననే మేటు సెల్‌ఫోను తీసి, కూలీలను వరుసగా నిలువబెట్టి ఛాయాచిత్రము తీయుట పంచాయతీ సభ్యులందరు చూచిన దృశ్యమే. ఉపాధి హామీ పనులలో హాజరు నీ విధముగా నమోదు చేయుటకై ఎన్.ఎం.ఎం.ఎస్. అను సెల్‌ఫోను అనువర్తనము 2021లో ప్రవేశపెట్టబడినది. 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, తక్కిన పనిచోట్ల నెల్ల దినమునకు రెండు పర్యాయములు కూలీల ఛాయాచిత్రము తీయుట తప్పనిసరి చేయబడినది. పూర్వము మస్టరు రోలుపై సంతకమో వేలిముద్రయో సాక్ష్యముగా నుండెడిది. ఆ స్థానమునకు ఛాయాచిత్రము వచ్చినది.

సాక్ష్యము మారినంత మాత్రమున మోసము మాసిపోలేదు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ రాష్ట్రములకు వ్రాయుచు, పనికి సంబంధము లేని చిత్రముల నెక్కించుట, పాత చిత్రమునకే మరల చిత్రము తీయుట, చిత్రములోని మనుషుల లెక్కకు హాజరు లెక్కకు పొంతన లేకుండుట మొదలగు లోపములను పేర్కొన్నది. గ్రామ పంచాయతీ స్థాయిలో ఈ చిత్రములను నూటికి నూరుపాళ్ళు పరిశీలింపవలెనని కోరినది.

పరిశీలింపవలె నన్నచో చూచుట తెలియవలెను గదా! దొంగ చిత్రమును గుర్తింపలేకపోయిన ప్రజాధనము పోవును. నిజమైన చిత్రమును దొంగదని త్రోసివేసిన, ఎండలో మట్టి మోసిన వాని కూలి పోవును. ఈ రెండవ నష్టమే పెద్దదని మా అభిప్రాయము. రెండింటి నుండియు తప్పించుకొనుటకు, ఆ చిన్న ఫోనులోని కెమెరా ఏ విధముగా పనిచేయునో, దానిని నేటి స్థితికి తెచ్చిన నూతన కల్పన లేవియో కొంత తెలిసికొనుట అవసరము. ఇది ఇంజనీర్లకు మాత్రమే బోధపడు విద్య కాదు.

పాతకాలపు కెమెరాలో ఫిలుము ఉండెడిది. దానిపై పూసిన వెండి లవణములు వెలుతురు తగిలినచోట మార్పు చెందెడివి. సెల్‌ఫోనులో ఫిలుము లేదు. దానికి బదులు, చిటికెనవ్రేలి గోరుకంటె పెద్దది కాని సిలికాను పలక యొకటి కలదు. ఆ పలకపై అడ్డముగను నిలువుగను లక్షల కొలది గడు లుండును. వర్షము కురియునపుడు వాకిట వరుసలుగా ముంతలు పేర్చితి మనుకొందము. వాన వెలిసిన పిదప ఏ ముంతలో ఎంత నీరున్నదో కొలిచి వ్రాసికొన్నచో, వాకిట ఏ మూల ఎంత వాన కురిసినదో తెలియును. పలకపై గడులు అట్టి ముంతలు. వాటిలో పడునది వెలుతురు, నిలుచునది విద్యుదావేశము. ఆ కొలతల పట్టికయే ఛాయాచిత్రము. ఇందు బొమ్మ యనునది లేదు, అంకెలు మాత్రమే కలవు.

ముంతలలోని దానిని కొలుచు ఉపాయము 1969లో దొరకినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞు లిద్దరు సమాచారమును దాచు సాధనము కొరకు ఆలోచించుచు, ఆ యేటి అక్టోబరులో ఒక మధ్యాహ్నము సుమారు గంటసేపు ముచ్చటించుకొని దీనిని రూపొందించిరి. దానిని సి.సి.డి. అందురు. చెరువుగర్భము నుండి గట్టుమీదికి కూలీలు బారుగా నిలిచి మట్టితట్ట నొకరి చేతినుండి మరియొకరికి అందించు పద్ధతి మన మెరిగినదే. ఒక్కొక్క గడిలోని ఆవేశమును ప్రక్కగడికి, అందుండి ఆ ప్రక్కదానికి అందించుచు చివరకు చేర్చి, అచ్చట కొలుచుటయే సి.సి.డి. చేయు పని. ఈ కల్పనకు 2009లో వారిద్దరికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో సగభాగము లభించినది.

సి.సి.డి.తో చేతబట్టుకొని పోదగిన తొలి డిజిటల్ కెమెరాను 1975లో, అమెరికాలోని రాచెస్టరు నగరమున, కోడక్ సంస్థలో పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు నిర్మించెను. దాని బరువు సుమారు 3.6 కిలోలు. గడులు 10,000 మాత్రమే. చిత్రము నలుపు తెలుపులలో వచ్చెడిది. దానిని క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు 23 సెకండ్లు పట్టెడిది. చూచుటకు టెలివిజను కావలసివచ్చెడిది. ఫిలుము అమ్మకముపై బ్రతుకుచుండిన ఆ సంస్థ దీనిని పెంచుటకు తొందరపడలేదు. 2012లో అదే సంస్థ అప్పుల నుండి రక్షణ కోరి న్యాయస్థానము నాశ్రయించినది. తన యింట పుట్టిన బిడ్డను తానే గుర్తింపనట్లయినది.

ఇక రంగుల సంగతి. సిలికాను గడికి రంగు తెలియదు. వెలుతురు ఎంత యన్నది మాత్రమే తెలియును. అదే కోడక్ సంస్థలోని బ్రైస్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఉపాయమునకు 1976లో పేటెంటు లభించినది. పలకపై గళ్ళలుంగీ వలె రంగు వడపోతలను పరచుటయే ఆ ఉపాయము. ప్రతి నాలుగు గడులకు రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలము. మనుష్యుని కన్ను ఆకుపచ్చకు ఎక్కువగా స్పందించును గనుక దానికి రెండు వంతులు. ఒక్కొక్క గడి ఒక్క రంగునే కొలుచును. తక్కిన రెండు రంగులను ఇరుగుపొరుగు గడులను చూచి ఫోనులోని లెక్కయంత్రము ఊహించును. అనగా మనము చూచు రంగుల చిత్రమున మూడింట రెండు వంతులు కొలిచినది కాదు, అంచనా వేసినది.

పంచాయతీ సభ్యులు పరిశీలనకు కూర్చున్నపుడు అక్కరకు వచ్చు రహస్య మిందే యున్నది. ఫోను తెరకు కూడ గళ్ళుండును. పాత చిత్రమును ఒక ఫోను తెరపై చూపి, రెండవ ఫోనుతో దానిని మరల చిత్రించినపుడు, తెరమీది గళ్ళు పలకమీది గళ్ళతో కలిసియు కలియక ఒరసికొనును. రెండు దోమతెరలను ఒకదానిపై నొకటి వేసి కదల్చి చూచిన అలలవంటి చారలు కన్పించును గదా! అట్టివే యిచ్చటను కన్పించును. బేయర్ గళ్ళ మూలమున ఆ చారలలో అచ్చటచ్చట ఎరుపు, ఆకుపచ్చ చాయలు కూడ తోచును. ఆకాశము, తెల్లచొక్కా వంటి చదునైన భాగములలో ఇవి స్పష్టముగా నుండును. తెర అంచు, తెరపై ప్రతిఫలించిన కిటికీ లేక చిత్రము తీయువాని నీడ కూడ పట్టియిచ్చును. ఒక్క విషయము మరువరాదు. పనిచోట నిలిచి పాత చిత్రమునకు చిత్రము తీసినచో స్థలము నిజమే, వేళయు నిజమే; బొమ్మ మాత్రమే అబద్ధము. కావున ఉపగ్రహములు తెలిపిన స్థలవివరము సరిపోయినదని ఊరకుండరాదు.

అయితే చారలు కనబడగానే మోసమని నిశ్చయింపరాదు. ఒక గ్రామమున మేము సభ్యులతో కూడి చిత్రములు చూచుచుండగా, ఒకదానియందు నడుమ నిలిచిన స్త్రీ ఒంటిపై అలలు కన్పించినవి. ఒక సభ్యుడు వెంటనే, "ఇది ఫొటోకు తీసిన ఫొటోనండీ" అనెను. ఆమెను పిలిపించితిమి. ఆమె చీరపై వేసికొనివచ్చిన మగచొక్కాను చూపి, "అయ్యా, ఇది మా ఆయన చొక్కా. చారలు దానివేనండీ" అన్నది. సన్నచారల గుడ్డ దూరమునుండి చిత్రించినపుడు కూడ గళ్ళు గళ్ళతో ఒరసికొని అలలు పుట్టును. తెరను చిత్రించినపుడు చారలు చిత్రము నలుమూలలకు వ్యాపించి, మనుషులను ఆకాశమును ఒకే తీరున కప్పును. గుడ్డ మూలముగా వచ్చినవి గుడ్డను దాటవు. ఆ దినమున ఆమె కూలి నిలిచినది. చారలు లేనంత మాత్రమున చిత్రము నిజమైనదనియు అనరాదు, తెర కొంచెము మసకగా వచ్చిన చారలు మాయమగును. అందుచేత చిత్రమున తలలను లెక్కించి హాజరుతో పోల్చుట, ముందునాటి చిత్రమును ప్రక్కన పెట్టుకొని అవే నిలుకడలు, అవే నీడలు ఉన్నవేమో చూచుట మానరాదు. ఏమాత్రము సందేహ మున్నను కూలీని పిలిచి అడిగిన పిదపనే నిర్ణయింపవలెను.

సి.సి.డి. మంచిదే గాని విద్యుత్తు నధికముగా త్రాగును. 1990 తరువాతి సంవత్సరములలో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫోసమ్ అను నతడు వ్యోమనౌకల కెమెరాలను చిన్నవిగా చేయు ప్రయత్నమున, తట్ట లందించుకొను బారును తీసివేసి, ప్రతి గడి దగ్గరనే ఒక చిన్న వర్ధకము నమర్చెను. ఈ సీమాస్ పలకలను కంప్యూటరు చిప్పులు చేయు కర్మాగారములలోనే చేయవచ్చును. విద్యుత్తు బహుస్వల్పము చాలును. సెల్‌ఫోనులలోని కెమెరాలు ఈ జాతివే. గ్రహముల వద్దకు పోవుటకు తలపెట్టిన సాధనము చెరువుగట్టునకు వచ్చినది.

పలక చిన్నది, ముంతలు చిన్నవి. కావున అవి తొందరగా నిండిపోవును, చీకటిలో తొందరగా నిండవు. కూలీల వెనుక ఉదయసూర్యు డున్నచో ఆకాశపు ముంతలు క్షణములో నిండి పొర్లును. వాటిని కాపాడుటకై ఫోను వెలుతురు పట్టుట ముందుగానే ఆపివేయును. అప్పటికి ముఖముల ముంతలలో నాలుగు చుక్కలైన పడియుండవు. ముఖము నల్లగా వచ్చుటకు కారణ మిదియే. సూర్యుడు తీయువాని వెనుక నుండునట్లు నిలువవలెను. వీలుకానిచో తెరపై ఒక ముఖమును వ్రేలితో తాకిన, ఫోను ఆ ముఖమునకు తగినట్లు కొలుచును. దూరమున నిలిచి తెరపై వ్రేళ్ళతో పెద్దదిగా చేసినంత మాత్రమున క్రొత్త వివరములు రావు; నాలుగడుగులు దగ్గరకు నడచుటయే మేలు. కటకముపై పడిన మట్టిని, చెమటను మెత్తని బట్టతో తుడుచుట మరువరాదు. ఎన్నో చిత్రములు దీనివలననే పాడగుట మేము చూచితిమి.

తీసిన చిత్రము కార్యాలయమునకు చేరవలెను. 120 లక్షల గడుల చిత్రమును మూడు రంగుల అంకెలతో ఉన్నదున్నట్లు పంపినచో 3 కోట్ల 60 లక్షల బైట్లు, అనగా 36 మెగాబైట్లగును. సిగ్నలు అంతంతమాత్రముగా నుండు పల్లెలలో అది గడచుట దుర్లభము. దీనిని పదియవ వంతునకు తగ్గించినను కంటికి తేడా తోచనీయని గణితోపాయమును కల్పించిన వారిలో ముఖ్యుడు బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమద్. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి 1972లో ఆయన ఈ పరిశోధనకు ధనసహాయ మర్థింపగా, ఆలోచన మరీ సులభముగా నున్నదని ఒక పరిశీలకుడు తలచెనట, సహాయము రాలేదు. ఆయన మానలేదు. తన శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావుగారలతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రకటించెను. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, టెక్సాసులో ఆచార్యత్వము నెరపి, 2021లో కీర్తిశేషులైరి. 1992లో వెలువడిన జేపెగ్ అను ప్రపంచ ప్రమాణమునకు వీరి పద్ధతియే పునాది. కదలుబొమ్మలను కుదించు పద్ధతులును దీని సంతతియే.

ఆ పద్ధతి యిట్టిది. చిత్రమును ఎనిమిదికి ఎనిమిది, అనగా 64 గడుల తునకలుగా కోయుదురు. తునకలోని 64 కొలతలకు బదులుగా, మొత్తముమీద ఎంత వెలుగు, అది ఎంత నెమ్మదిగా లేక ఎంత త్వరగా మారుచున్నది అను 64 అంకెలను వ్రాయుదురు. నెమ్మదిగా మారు భాగము కంటికి ముఖ్యము. అతిసూక్ష్మమైన మార్పును కన్ను అంతగా పట్టించుకొనదు. కాబట్టి ఆ సూక్ష్మపు అంకెలను పెక్కింటిని మోటుగా చేసి వదలివేయుదురు. ధాన్యమును తూర్పారబట్టుట వంటిది. అయితే ఒకసారి ఎగిరిపోయిన పొట్టు మరల రాదు. మరల మరల కుదించినచో పొట్టుతోపాటు గింజయు పోవును.

పని వివరముల బోర్డుపై అక్షరములు, కొలతబద్దమీది గీతలు సూక్ష్మపు మార్పులే గదా! వాట్సాప్ వంటి అనువర్తనములు చిత్రమును సాధారణముగా మరల కుదించి పంపును. ఆ దారిని నలుగురి చేతులు మారి వచ్చిన చిత్రమున అక్షరముల చుట్టు మసకలు ముసురును. తీసిన వేళను స్థలమును తెలుపు వివరములు కూడ రాలిపోవును. సామాజిక తనిఖీలో గాని, బిల్లు వివాదములో గాని అట్టి నకలుపై ఆధారపడరాదు. తీసిన ఫోనులోని అసలును భద్రపరచవలెను. పంపవలసివచ్చిన చిత్రముగా గాక దస్త్రముగా, అనగా డాక్యుమెంటుగా, పంపిన మార్పు లేక చేరును.

ఇన్ని కల్పనలకు ఊపిరి లిథియం అయాన్ బ్యాటరీ. విటింగ్‌హామ్ 1970 ప్రాంతపు దశాబ్దమున మొదలిడిన దానిని 1980లో గుడ్‌ఇనఫ్ ఆక్స్‌ఫర్డులో బలపరచెను. 1985లో జపానుకు చెందిన యోషినో దానిని క్షేమకరముగా చేసెను. 1991లో సోనీ సంస్థ విపణిలో ప్రవేశపెట్టినది. ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ లభించునప్పటికి గుడ్‌ఇనఫ్‌గారికి 97 ఏండ్లు. అంతటి వృద్ధాప్యమున ఆ బహుమాన మందినవారు వేరొకరు లేరు. ఈ బ్యాటరీకి శత్రువు వేడి. వేసవిలో ఎండకు వదలిన ఫోను కెమెరాను తనంత తానే ఆపివేయవచ్చును, ఛార్జింగు నెక్కించుకొనక మొరాయించవచ్చును. బ్యాటరీ ఆయువును తగ్గును. ఉదయము తీసిన చిత్రమునకు జత లేక కూలీల హాజరు చిక్కులో పడుట కిది యొక కారణము. మేటు ఫోనును గట్టుపై రాతిమీద గాక, నీళ్ళకుండ ఉంచిన చెట్టునీడనే ఉంచి, రెండవ చిత్రపు వేళ కొక పావుగంట ముందు తీసి చూచుకొనుమని సభ్యులు చెప్పవచ్చును. అప్పటికి వేడిగా నున్నచో తొడుగు తీసి నీడలో చల్లారనిచ్చిన చాలును, తడిగుడ్డ చుట్టరాదు.