అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే పీసీ ఎందుకు స్లో అవుతుంది?

రాజోలులో మా ఇంటి పాత పీసీ ఆన్ చేశాక అరగంట దాకా కదిలేది కాదు. చెల్లి ఎంసెట్ ఆప్షన్లకు చివరి రోజున కూడా అంతే. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం! వైరస్ కాదు, ‘విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్’. డౌన్‌లోడైన అప్‌డేట్ ఫైళ్లను విప్పి, సరిచూసి, ఇన్‌స్టాల్ చేసేది అదే. కొంత పని రీస్టార్ట్ చేస్తేనే పూర్తవుతుంది. నేనేమో కరెంట్ పోతుందేమోనని రోజూ మధ్యలోనే స్విచ్ కట్టేసేవాణ్ణి (ఇది అసలు చేయకూడదు). ఆన్ చేస్తే మళ్లీ అదే పని. ఎస్‌ఎస్‌డీ అయితే ఇంత తెలియదు, హార్డ్ డిస్క్‌కి మాత్రం నరకమే. ఆ రోజు ఆప్షన్లు ఫోన్‌లోనే పెట్టాం. రాత్రంతా పీసీని వదిలేసి, పొద్దున ‘అప్‌డేట్ అండ్ రీస్టార్ట్’ నొక్కా. ఇప్పుడు రెండు నిమిషాల్లో రెడీ అవుతోంది.