డి ఫ్యాక్టో బంధం: రెండేళ్లు నిండకముందే తెగిపోతే?

ఆస్ట్రేలియాలో పెళ్లి కాకుండా కలిసి కాపురం చేసేవారిని చట్టం ‘డి ఫ్యాక్టో’ జంటగా గుర్తిస్తుంది. దీనిపై న్యాయశాస్త్ర పరీక్షలో సమస్యారూప ప్రశ్న ఇస్తే చాలామంది నేరుగా ‘ఆస్తిలో ఎవరికెంత’ అనే లెక్కలోకి దిగిపోతారు. మార్కులు పోయేది అక్కడే. ఆ వివాదాన్ని వినే అధికారం కోర్టుకు ఉందో లేదో ముందు తేల్చాలి. బంధం కొద్దికాలమే నిలిచినప్పుడు కేసంతా దాదాపు దీని చుట్టూనే నడుస్తుంది.

నేపథ్యం

పెళ్లికాని జంటల ఆస్తి తగాదాలు ఒకప్పుడు రాష్ట్రాల చట్టాల కింద ఉండేవి. 2009 మార్చి 1 నుంచి ఫ్యామిలీ లా యాక్ట్-1975 పరిధిలోకి వచ్చాయి. సౌత్ ఆస్ట్రేలియా 2010లో చేరింది. వెస్ట్రన్ ఆస్ట్రేలియాది నేటికీ సొంత చట్టమే.

అసలు బంధం ఉందా?

ఫ్యామిలీ లా యాక్ట్ సెక్షన్ 4ఏఏ ప్రకారం ఇద్దరూ ఒకరికొకరు చట్టబద్ధ భార్యాభర్తలు కాకూడదు, చట్టం చెప్పే దగ్గరి కుటుంబ బంధువులు కాకూడదు, నిజమైన కాపురంలా కలిసి ఉండాలి. ఎంతకాలం ఉన్నారు, ఒకే ఇంట్లో ఉన్నారా, డబ్బు విషయంలో ఒకరిపై ఒకరు ఆధారపడ్డారా, నలుగురూ వారిని జంటగా చూశారా వంటి తొమ్మిది అంశాలను కోర్టు పరిశీలిస్తుంది. ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు. ఇద్దరిలో ఒకరికి వేరే వ్యక్తితో పెళ్లయి ఉన్నా డి ఫ్యాక్టో బంధానికి అడ్డు లేదు.

గడప: సెక్షన్ 90ఎస్‌బీ

ఆస్తి పంపకానికైనా, భరణానికైనా కోర్టు గడప దాటాలంటే నాలుగింటిలో ఒకటి ఉండాలి. మొత్తం కలిపి కనీసం రెండేళ్ల బంధం, లేదా ఆ బంధంలో బిడ్డ, లేదా రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్. ఇవేవీ లేనివారికి మిగిలింది నాలుగోది: దరఖాస్తుదారు ఆస్తికో, కుటుంబానికో గణనీయంగా సమకూర్చి ఉండాలి, ఉత్తర్వు ఇవ్వకపోతే తీవ్ర అన్యాయం జరగాలి. ఈ రెండూ కలిసి రుజువు కావాలి.

మెల్‌బోర్న్‌లో ఒక తెలుగు జంట అనుకుందాం. నిశ్చితార్థం అయింది, 19 నెలలు కలిసి ఉన్నారు, పిల్లలు లేరు, రిజిస్ట్రేషన్ లేదు. ఇల్లు అతడి పేరున ఉంది. ఆమె వంటా, సరుకులూ, ఇంటి బిల్లుల్లో సగం చూసుకుందంతే అయితే అది ఏ జంటలోనైనా ఉండేదే, గడప దాటడం కష్టం. అదే ఇంటి డిపాజిట్‌కు తన పొదుపులోంచి 60 వేల డాలర్లు ఇచ్చి, వాయిదాలూ కట్టి, చివరికి ఉత్త చేతులతో బయటికొస్తే? అప్పుడు వాదనకు బలముంటుంది. ఇంటి చాకిరీ కూడా చట్టం దృష్టిలో సమకూర్చడమే. అది మామూలుకు మించినదని చూపడమే కష్టం. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపినంత తేలిక కాదు.

గడప దాటలేకపోతే

కథ ముగిసినట్టు కాదు. సాధారణ న్యాయసూత్రాల దారి ఒకటుంది. బౌమ్‌గార్ట్‌నర్ కేసు (1987)లో ఇద్దరూ జీతాలు ఒకచోట కలిపి ఇల్లు నడిపారు, ఆస్తి మాత్రం అతడి పేరున ఉంది. మొత్తం తనదేనని అతడు అనడం అన్యాయమని హైకోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) చెప్పి, కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్ (ఆస్తిలో ఆమెకూ వాటా ఉన్నట్టు కోర్టు గుర్తించే ఏర్పాటు) విధించింది. పిల్లల సంరక్షణ, పోషణ ఖర్చులకైతే ఈ రెండేళ్ల నిబంధనే వర్తించదు.

గడువులు కలపొద్దు

పార్ట్‌నర్ వీసాకు సాధారణంగా 12 నెలల సహజీవనం చాలు. వీసా వచ్చిందని ఆస్తి హక్కు వచ్చినట్టు కాదు. గడపలో ఉన్న రెండేళ్లు బంధం నిడివి. సెక్షన్ 44(5)లోని రెండేళ్లు బంధం తెగాక కేసు వేయడానికి ఇచ్చే గడువు. అది దాటితే కష్టనష్టాలు చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మరి బంధం ఏ రోజున తెగినట్టు? వేర్వేరు ఇళ్లలో ఉన్నంత మాత్రాన తెగినట్టు కాదని ఫెయిర్‌బెయిర్న్ కేసు (2022) చెబుతోంది.

మన దగ్గర

గృహహింస చట్టం-2005, సెక్షన్ 2(ఎఫ్) నిర్వచనంలోని ‘వివాహం వంటి బంధం’లో ఉన్న స్త్రీకి రక్షణ, నివాస హక్కు, జీవనభృతి ఇస్తుంది కానీ ఆస్తి పంపకం జోలికి పోదు. కనీసం ఇన్నేళ్లు ఉండాలన్న అంకె ఇందులో లేదు. వేలుసామి కేసు (2010)లో సుప్రీంకోర్టు కొలమానాలు చెప్పింది. ఇంద్రా శర్మ కేసు (2013)లో పురుషుడికి అప్పటికే పెళ్లయిందని తెలిసే ఆమె అతడితో కలిసి ఉంది కాబట్టి ఆ బంధం ఈ నిర్వచనంలోకి రాదంది. ఆస్ట్రేలియాలో అయితే ఆ ఒక్క కారణంతో కేసు ఓడిపోయేది కాదు.